పిడుదు కాటు జ్వరం – రక్తపరీక్ష చెప్పేదేమిటి, చెప్పలేనిదేమిటి?

పాడి పశువు మేత మానేసి, నెమరు ఆపి, ఒళ్ళు కాలిపోతూ నిలబడితే మన సభ్యులు ముందుగా చేసే పని ఒకటుంది. చెవుల లోపల, గంగడోలు కింద, పొదుగు చుట్టూ, తోక మొదట్లో చేయి పెట్టి పిడుదులున్నాయేమో వెతుకుతారు. ఉంటే ఆ మాట పశువైద్యునితో మొట్టమొదట చెబుతారు. ఆయన పశువు చెవి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పలుచగా పూసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. థైలేరియా గాని, బెబీసియా గాని ఉంటే చాలాసార్లు అక్కడికక్కడే బయటపడుతుంది.

అదే ఇంట్లో మనిషికి జ్వరం వస్తే మాత్రం పిడుదుల మాట ఎవరికీ గుర్తు రాదు. రోజూ కొట్టం ఊడ్చేవారు, పశువు ఒంటిమీది పిడుదులను చేత్తో పెరికేవారు, కుక్కను పక్కన కూర్చోబెట్టుకునేవారు కూడా వైద్యుని దగ్గర ఆ సంగతి చెప్పరు. వైద్యుడు మలేరియాకు, టైఫాయిడ్‌కు, డెంగ్యూకు రక్తపరీక్షలు రాస్తారు. వాటిలో ఏమీ తేలకపోతే రోజులు గడిచిపోతాయి. పిడుదుల ద్వారా మనిషికి వచ్చే మచ్చల జ్వరంలో ఆ గడిచిపోయే రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. అందుచేత ఈ జ్వరానికి చేసే రక్తపరీక్షలు ఎలా పనిచేస్తాయో, ఎంతవరకు నమ్మదగినవో సభ్య సంఘాల వారందరికీ వివరించదలిచాము.

ఏమిటీ జ్వరం?

దీనిని మన దేశంలో ఇండియన్ టిక్ టైఫస్ అంటారు. పేరులో టైఫస్ ఉన్నా, టైఫాయిడ్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. ఇది రికెట్సియా అనే బాక్టీరియా జాతి వల్ల వస్తుంది. ఆ జాతికి హోవార్డ్ రికెట్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పేరు పెట్టారు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో జనాన్ని బలిగొంటున్న మచ్చల జ్వరాన్ని పిడుదులే మోసుకొస్తున్నాయని ఆయన 1906లో ప్రయోగం ద్వారా నిరూపించారు. 1910లో మెక్సికోలో టైఫస్ జ్వరాన్ని పరిశోధిస్తూ, అదే జ్వరానికి గురై చనిపోయారు. మన దేశంలో టైఫస్‌ను పోలిన జ్వరం పిడుదుల ద్వారా వస్తూ ఉండవచ్చునని మెగా అనే వైద్యాధికారి 1921లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. కనుక ఇది కొత్తగా పుట్టిన జబ్బు కాదు. మన మధ్యనే ఉంటూ, తరచు వేరే పేర్లతో చెలామణీ అవుతున్న పాత జబ్బు.

పిడుదు కుట్టిన సుమారు వారం రోజులకు ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు మొదలవుతాయి. మూడు నుంచి అయిదు రోజులలో ఒంటి మీద ఎర్రని మచ్చలు రావచ్చు. అరచేతుల్లోనూ, అరికాళ్ళలోనూ మచ్చలు కనిపిస్తే వెంటనే అనుమానించాలి. కొందరిలో పిడుదు కుట్టిన చోట నల్లని పొక్కు కడుతుంది. మచ్చలూ పొక్కూ అందరిలోనూ కనిపించవు. చామనఛాయ, నలుపు ఛాయ ఒంటి మీద మచ్చలు తేలికగా కంటికి ఆనవు కూడా. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణాపాయం కలగవచ్చు.

సూక్ష్మదర్శినికి ఎందుకు దొరకదు?

పశువు రక్తంలో పిడుదు జ్వరపు క్రిమి కనిపించినప్పుడు, మనిషి రక్తంలో ఎందుకు కనిపించదని సభ్యులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పశువులకు వచ్చే థైలేరియా, బెబీసియా క్రిములు రక్తకణాల లోపల చేరతాయి. కనుక రక్తం చుక్క పూసి చూస్తే కణాలతో పాటు అవీ కనిపిస్తాయి. రికెట్సియా అలా కాదు. ఇది రక్తనాళాల లోపలి గోడకు పూతలా ఉండే కణాలలో దాక్కుంటుంది. కాలువలో నీటిని ముంచి చూస్తే గట్టులో ఉన్న ఎండ్రకాయ దొరుకుతుందా? ఇదీ అంతే. ప్రవహించే రక్తంలో దాని సంఖ్య చాలా తక్కువ.

పోనీ, ఇతర బాక్టీరియాలకు చేసినట్టు గాజు పళ్ళెంలో పెంచి చూద్దామంటే అదీ కుదరదు. రికెట్సియా బతికి ఉన్న కణం లోపల తప్ప బయట పెరగదు. మామూలు ఆసుపత్రి ప్రయోగశాలలో రక్తాన్ని కల్చర్ చేస్తే ఏమీ పెరగలేదనే ఫలితం వస్తుంది. దాన్ని చూసి జబ్బు లేదనుకుంటే ప్రమాదం.

క్రిమి దొరకకపోతే దాని జాడను వెతకాలి

దొంగ దొరకనప్పుడు ఇంటివారు వేసిన కేకలను బట్టి దొంగ పడ్డాడని గ్రహిస్తాం. క్రిమి ఒంట్లో చేరినప్పుడు దానిని ఎదిరించడానికి శరీరం కొన్ని మాంసకృత్తులను తయారు చేస్తుంది. వాటిని యాంటీబాడీలు అంటారు. ఒక్కొక్క రకం క్రిమికి తగిన యాంటీబాడీలు పుడతాయి. పిడుదు జ్వరానికి చేసే రక్తపరీక్షలలో ఎక్కువ భాగం ఈ యాంటీబాడీల కోసం చేసేవే.

ఈ పద్ధతి పాడి రంగంలో ఉన్నవారికి కొత్త కాదు. ఈసుకుపోయే జబ్బు బ్రూసెల్లోసిస్ మందలో ఉందో లేదో కనిపెట్టడానికి ఆవు పాలకు మిల్క్ రింగ్ పరీక్ష చేస్తారు. రంగు వేసిన చచ్చిన బ్రూసెల్లా క్రిములను పాలలో కలిపి ఉంచుతారు. పాలలో యాంటీబాడీలు ఉంటే అవి ఆ క్రిములను గుంపులుగా పట్టుకుని మీగడతో పాటు పైకి తెస్తాయి. పైన రంగు వలయం ఏర్పడుతుంది. యాంటీబాడీలు లేకపోతే మీగడ తెల్లగానే ఉంటుంది. ఇక్కడ చూసేది పశువు శరీరం ఆ క్రిమికి ఇచ్చిన జవాబునే. మనిషి రక్తంతో చేసే పరీక్ష సూత్రమూ ఇదే.

వైల్–ఫీలిక్స్ పరీక్ష

1916లో ఎడ్మండ్ వైల్, ఆర్థర్ ఫీలిక్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక విచిత్రాన్ని గమనించారు. టైఫస్ రోగుల సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేరే పసుపు ద్రవం) ప్రోటియస్ అనే వేరొక బాక్టీరియాను గుంపు కట్టిస్తున్నది. ప్రోటియస్‌కు టైఫస్‌తో సంబంధం లేదు. రెండు క్రిముల పైపూతలో ఒక అంశం ఒకే రీతిగా ఉండటం వల్ల, ఒకదాని కోసం పుట్టిన యాంటీబాడీ రెండోదాన్ని కూడా పట్టుకుంటున్నది. ప్రోటియస్‌ను పెంచడం తేలిక, ఖర్చు తక్కువ. అందుకని ఈ పరీక్ష నూరేళ్ళకు పైగా నిలిచింది. చాలా ఆసుపత్రులలో నేటికీ చేస్తున్నారు.

ఇందులో మూడు రకాల ప్రోటియస్‌ను వాడతారు. ఓఎక్స్-19, ఓఎక్స్-2 రకాలతో గుంపు కడితే పిడుదు మచ్చల జ్వరం గాని, టైఫస్ గాని కావచ్చునని అర్థం. ఓఎక్స్-కె రకంతో గుంపు కడితే స్క్రబ్ టైఫస్ అని అనుమానిస్తారు. దాన్ని తెచ్చేది పిడుదు కాదు, గడ్డిలోనూ పొదల్లోనూ ఉండే కంటికి ఆనని చిన్న పురుగు పిల్ల.

రిపోర్టులో 1:80 అనో, 1:160 అనో అంకెలుంటాయి. దీనికి అర్థం ఏమిటి? చిక్కటి పాలలో ఎక్కువ నీరు పోసినా తెలుపు నిలుస్తుంది. పలచని పాలు కొద్ది నీటికే వెలిసిపోతాయి. అదే విధంగా సీరాన్ని రెట్టింపు, రెట్టింపుగా పలచన చేస్తూ పోతారు. ఎంత పలచన చేసేదాకా గుంపు కట్టే శక్తి నిలిచి ఉందో ఆ అంకె వేస్తారు. 1:80 కంటే 1:160లో యాంటీబాడీలు ఎక్కువన్నమాట. భారత వైద్య పరిశోధన మండలి 2015లో వెలువరించిన మార్గదర్శకాలు, జబ్బు లక్షణాలు ఉన్నవారిలో ఈ అంకె 1:80 గాని, అంతకు మించి గాని ఉంటే అనుమానానికి బలం చేకూరినట్టు భావించాలని చెబుతున్నాయి. అయినా అది జబ్బును రూఢి చేసినట్టు కాదు. ఈ పరీక్ష జబ్బు ఉన్నవారిలో కొందరిని వదిలేస్తుంది, లేనివారిలో కొందరిని పట్టుకుంటుంది.

మొదటి వారంలో "లేదు" అంటే లేదని కాదు

సభ్యులు అన్నిటికంటే ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం ఇది. యాంటీబాడీలు జ్వరంతో పాటే పుట్టవు. శరీరం వాటిని తయారు చేయడానికి వ్యవధి కావాలి. పరీక్షకు అందేటంత మోతాదులో అవి రక్తంలో కనిపించేది సాధారణంగా జ్వరం మొదలైన వారం తరువాతనే. మూడో రోజున రక్తం ఇస్తే, ఎంత మంచి ప్రయోగశాలలో చేసినా, జబ్బు ఉన్న మనిషికి కూడా లేదనే రావచ్చు. నాటిన మూడో రోజున పొలానికి వెళ్ళి కంకి రాలేదని విత్తనాన్ని తప్పు పట్టం కదా.

మరి రూఢి ఎలా? రెండుసార్లు రక్తం ఇవ్వాలి. జ్వరం ఉన్నప్పుడు ఒకసారి, రెండు నుంచి నాలుగు వారాల తరువాత ఇంకొకసారి. ఇమ్యునోఫ్లోరసెన్స్ అనే పరీక్షలో రెండు నమూనాలనూ పోల్చి చూస్తారు. మొదటిది 1:64 ఉండి రెండవది 1:256 అయితే నాలుగు రెట్లు పెరిగిందన్నమాట. అప్పుడు ఆ జ్వరం ఫలానాదని రూఢి అయినట్టు లెక్క. ఒక్క నమూనాలో యాంటీబాడీలు కనిపించినంత మాత్రాన ఇప్పటి జ్వరానికి అదే కారణమని చెప్పలేం. కొన్ని రకాల యాంటీబాడీలు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి రక్తంలో నిలిచి ఉంటాయి. ఎప్పుడో వచ్చి తగ్గిన జ్వరపు జాడ కావచ్చు. ఒక్కపూట పాలు కొలిచి పశువు ఈత మొత్తం దిగుబడి చెప్పలేనట్టే ఇదీ.

జ్వరం తగ్గాక రెండోసారి రక్తం ఇవ్వడానికి మనవారు వెళ్ళరు. "నయమైంది కదా, ఇంకెందుకు?" అంటారు. ఆ రెండో నమూనా వల్ల మీకు మందు మారదు, నిజమే. మీ ఊరిలో ఈ జబ్బు ఉందని వైద్యాధికారులకు తెలుస్తుంది. తరువాత జ్వరంతో వచ్చే మీ పొరుగువారికి త్వరగా సరైన మందు అందుతుంది.

ఎలీసా, పి.సి.ఆర్.

ఎలీసా పరీక్ష కూడా యాంటీబాడీల కోసం చేసేదే. రంగు మారడాన్ని యంత్రంతో కొలుస్తారు. వైల్–ఫీలిక్స్ కంటే నమ్మదగినది. ఇందులో ఒక మెలిక ఉంది. స్క్రబ్ టైఫస్‌కు చేసే ఎలీసా వేరు, పిడుదు మచ్చల జ్వరానికి చేసే ఎలీసా వేరు. మన రెండు తెలుగు రాష్ట్రాలలో స్క్రబ్ టైఫస్ కేసులు నమోదవుతున్నందున దాని పరీక్ష ఎక్కువచోట్ల దొరుకుతుంది. అందులో లేదని వస్తే పిడుదు జ్వరం కూడా లేదని అనుకోరాదు. ఏ జబ్బుకు పరీక్ష చేశారో రిపోర్టులో చూసుకోవాలి, తెలియకపోతే అడగాలి.

పి.సి.ఆర్. పరీక్ష యాంటీబాడీల జోలికి పోకుండా క్రిమి జన్యుపదార్థాన్నే వెతుకుతుంది. కనుక మొదటి వారంలో ఇది ఉపయోగపడుతుంది. రక్తంలో క్రిములు తక్కువ కాబట్టి ఇందులోనూ తప్పిపోయే అవకాశం ఉంది. నల్లని పొక్కు ఉంటే దాని నుంచి తీసిన నమూనాలో దొరికే అవకాశం ఎక్కువ. ఆ పొక్కును గిల్లి పారేయకుండా వైద్యునికి చూపించాలి. మందు మొదలుపెట్టక ముందు తీసిన నమూనా మేలు. పెద్ద ప్రయోగశాలలలో మాత్రమే ఈ పరీక్ష చేస్తారు.

టైఫాయిడ్ అని సరిపెట్టుకోరాదు

గ్రామాలలో జ్వరం అనగానే వైడాల్ పరీక్ష చేయించడం ఆనవాయితీ అయింది. ఇదీ యాంటీబాడీల పరీక్షే. పూర్వం టైఫాయిడ్ వచ్చినవారిలోనూ, టీకా వేయించుకున్నవారిలోనూ కొద్దిగా పాజిటివ్ రావచ్చు. దాన్ని పట్టుకుని టైఫాయిడ్‌కు మందు వాడుతూ కూర్చుంటే అసలు జబ్బు ముదురుతుంది. అలాగే పిడుదు జ్వరంలో ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు. అవి తగ్గినంత మాత్రాన డెంగ్యూయే అనుకోరాదు.

రికెట్సియా మీద పెన్సిలిన్ జాతి మందులు పనిచేయవు. డాక్సీసైక్లిన్ అనే మందు బాగా పనిచేస్తుంది. ఖరీదు తక్కువ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనూ దొరుకుతుంది. వేళకు మొదలుపెడితే సాధారణంగా రెండు మూడు రోజులలో జ్వరం దిగుతుంది. అందువల్లనే, లక్షణాలను బట్టి అనుమానం కలిగితే పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండా మందు మొదలుపెట్టాలని పైన చెప్పిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తం తీసి పంపాలి, మందు అదే రోజున ఆరంభించాలి. ఆ నిర్ణయం వైద్యునిదే. దుకాణంలో అడిగి కొని మింగడం తగదు. పిల్లలకు, గర్భిణులకు ఏ మందు ఎంత ఇవ్వాలో వైద్యుడే చెప్పాలి.

ఎలాగూ మందు ఇచ్చేటప్పుడు పరీక్ష ఎందుకని కొందరికి తోచవచ్చు. పిడుదులు బాక్టీరియాను మాత్రమే కాదు, వైరస్‌లను కూడా మోయగలవు. 1957లో అప్పటి మైసూరు రాష్ట్రంలోని షిమోగా జిల్లా క్యాసనూర్ అడవిలో కోతులను, మనుషులను చంపిన జ్వరం పిడుదులు తెచ్చిన వైరస్ జ్వరమే. దాని మీద డాక్సీసైక్లిన్ పనిచేయదు. మలేరియాకు మందు వేరు. ఏది ఏదో తేల్చడానికి రక్తపరీక్ష కావలసిందే.

అమెరికాలో పిల్లలున్న సభ్యులు చాలామందే ఉన్నారు. అక్కడి ఈశాన్య రాష్ట్రాలలో లైమ్ జ్వరం ఎక్కువ. దాని క్రిమిని కనుగొన్నట్టు విల్లీ బర్గ్‌డార్ఫర్, ఆయన సహచరులు 1982లో ప్రకటించారు. దానికీ యాంటీబాడీల పరీక్షే చేస్తారు, ఒకటి కాక రెండు అంచెలుగా. అక్కడా మొదటి వారాలలో లేదని రావచ్చు. పిడుదు కుట్టిన చోట వలయంలా వ్యాపించే ఎర్రమచ్చ ఉంటే అక్కడి వైద్యులు రక్తపరీక్ష కోసం ఆగకుండా మందిస్తారు. దేశం మారినా సూత్రం మారలేదు.

మన కొట్టంలో మన జాగ్రత్త

పశువు మీద కనిపించే ప్రతి పిడుదూ మనిషిని కుడుతుందని భయపడనక్కరలేదు. ఆవుల మీద ఎక్కువగా కనిపించే ఒక రకం పిడుదు పుట్టుక తరువాత జీవితమంతా ఒకే పశువు మీద గడుపుతుంది, మనిషి జోలికి రావడం అరుదు. మచ్చల జ్వరం విషయంలో ఎక్కువ అనుమానించవలసింది కుక్కల మీది గోధుమరంగు పిడుదును. అది గోడల పగుళ్ళలో, చూరులో దాగి ఉండి, ఒక జంతువు నుంచి మరొక జంతువు మీదికి మారుతుంది. అందుచేత పశువులకు మందు పట్టించి కుక్కను వదిలేస్తే పని సగమే అయినట్టు.

సభ్యులు ఈ కింది విషయాలను పాటించవలసిందిగా కోరుతున్నాము.

1. పశువుల మీద, కుక్కల మీద పిడుదులను గోళ్ళతో నలపరాదు. వాటి లోపలి రసం చేతి గాట్లలోకి గాని, కళ్ళలోకి గాని పోతే జబ్బు అంటవచ్చు. తీసిన పిడుదులను కిరోసిన్ గాని, సబ్బు నీళ్ళు గాని ఉన్న డబ్బాలో వేయాలి. తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

2. మనిషిని పట్టిన పిడుదును చర్మానికి దగ్గరగా చిన్న పట్టుకారుతో పట్టి నిదానంగా, తిన్నగా లాగాలి. దాని మీద నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయరాదు.

3. పిడుదు కుట్టిన తేదీని కాలెండర్ మీద గుర్తు పెట్టుకోవాలి. రెండు వారాలలోపు జ్వరం వస్తే ఆ కాలెండర్‌ను మరవకూడదు.

4. జ్వరంతో వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు మూడు మాటలు తప్పక చెప్పాలి. "మాకు పశువులున్నాయి, కుక్క ఉంది. ఫలానా రోజున పిడుదు కుట్టింది. జ్వరం మొదలై ఇన్ని రోజులైంది." జ్వరం ఎన్నో రోజో తెలియకుండా రక్తపరీక్ష ఫలితాన్ని ఎవరూ సరిగా చదవలేరు.

5. రెండోసారి రక్తం ఇవ్వడానికి రమ్మంటే తప్పక వెళ్ళాలి. మొదటి రిపోర్టును పారేయకుండా పాల పాస్‌పుస్తకంతో పాటు భద్రపరచాలి.

కొట్టంలో పనిచేసేది ఎక్కువగా స్త్రీలే. జ్వరం వచ్చినా పాలు పితికి, పాలు పోసి వచ్చి, ఆ తరువాతనే మంచం ఎక్కేవారూ వారే. ఇంటివారు ఈ సంగతి గమనించాలి. రెండు రోజులు దాటిన జ్వరాన్ని ఇంట్లో ఉంచుకోరాదు. సంఘ కార్యదర్శులు ఈ వ్యాసాన్ని ఉదయం, సాయంత్రం పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించి, సేకరణ కేంద్రం గోడ మీద అంటించవలసిందిగా మనవి. పశువు ఒంటి మీది పిడుదును చూడగానే పశువైద్యునికి చెప్పే అలవాటు మనకు ఉండనే ఉంది. ఆ మాటనే ఆరోగ్య కేంద్రంలోని డాక్టరుగారికి కూడా చెబితే, రక్తపరీక్ష ఇంకా నోరు విప్పని రోజులలో కూడా సరైన వైద్యానికి దారి దొరుకుతుంది.